మోజెల్ ఏటవాలు తోటల ట్రోకెన్ రీస్లింగ్: కొనే ముందు, తాగే ముందు

జర్మనీ వైన్ అంటే తియ్యగానే ఉంటుందని ఇక్కడ జర్మనీలో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి గట్టి నమ్మకం. అది ఊరికే రాలేదు. వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, మూడు నాలుగు యూరోలకు ఒక పొడుగాటి సీసా కొని, ఒక గుక్క తాగి, "ఇదేంటి, పానకంలా ఉంది" అని మూత పెట్టేసినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత సీసా మీద రీస్లింగ్ అన్న తెల్ల ద్రాక్ష పేరు కనిపిస్తే చాలు, పక్క అరలోకి వెళ్లిపోతారు. ఇటలీదో ఫ్రాన్స్‌దో కొనుక్కుంటారు. తాము ఉంటున్న ఊరికి రెండు గంటల దూరంలో తీపి లేని, పుల్లగా, చురుగ్గా, నాలుక మీద చాలాసేపు నిలిచే తెల్ల వైన్ తయారవుతోందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

మాది తెనాలి. పెళ్లయ్యాక కోబ్లెన్జ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మోజెల్ నది వచ్చి రైన్‌లో కలిసేది మా ఊళ్లోనే. మా ఆయన మందు ముట్టరు. అందుకని కారు తాళం ఎప్పుడూ ఆయన దగ్గర, రుచి చూసే పని నాది. ఫ్రాంక్‌ఫర్ట్, డ్యూసెల్‌డోర్ఫ్ నుంచి మన పిల్లలు సూపర్‌మార్కెట్‌లో నిలబడి "అక్కా, ఇది కొననా, అది కొననా" అని వాట్సాప్‌లో ఫోటోలు పంపిస్తుంటారు. ఒక్కొక్కళ్లకీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ఒక్క రకం గురించే. మోజెల్ ఏటవాలు కొండల మీద, ముదురు తీగల నుంచి కోసిన రీస్లింగ్ ద్రాక్షతో చేసిన, తీపి లేని (ట్రోకెన్) వైన్. తియ్యటి రీస్లింగ్ తక్కువదని కాదు, మోజెల్‌కు ప్రపంచంలో పేరు తెచ్చింది అదే. దాని లెక్కలు వేరు, ఇప్పుడు వాటి జోలికి వెళ్లను.

ముందు ఆ కొండ సంగతి

కొండను చూడకపోతే సీసా ధర ఎక్కువనిపిస్తుంది. మోజెల్ ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, కొంత దూరం లక్సెంబర్గ్‌కూ జర్మనీకీ సరిహద్దుగా పారి, ట్రియర్ దాటాక మెలికలు మెలికలు తిరుగుతూ కోబ్లెన్జ్ చేరుతుంది. ట్రియర్ దగ్గర జార్, రూవర్ అనే రెండు చిన్న నదులు ఇందులో కలుస్తాయి. ఈ మూడు లోయలూ కలిపితే మోజెల్ వైన్ ప్రాంతం. ఇదంతా ఇంచుమించు 50వ అక్షాంశం దగ్గర ఉంది. అంత ఉత్తరాన చదును నేలలో రీస్లింగ్ పండటం పాతరోజుల్లో కష్టమే. నది మెలిక తిరిగిన చోటల్లా ఒక ఒడ్డు దక్షిణానికి తిరుగుతుంది. ఆ వాలు మీద ఎండ సూటిగా పడుతుంది, నీళ్ల మీద నుంచి వెలుగు తిరిగి కొడుతుంది. పైగా నేలంతా పలకరాయి. చిన్నప్పుడు మనం బలపంతో అక్షరాలు దిద్దిన రాతిపలక ఉందే, ఆ జాతి రాయే, పెచ్చులు పెచ్చులుగా విరిగి పడి ఉంటుంది. పగలంతా వేడి పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. చాలాచోట్ల నీలం, బూడిద రంగు. ఊర్త్సిగ్ అనే ఊరి దగ్గర ఎర్రగా ఉంటుంది.

30 శాతం వాలు దాటితే ఇక్కడ దాన్ని ఏటవాలు తోటగా లెక్కేస్తారు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 30 శాతం అంటే 30 డిగ్రీలు కాదు. వంద మీటర్లు ముందుకు వెళ్తే ముప్ఫై మీటర్లు పైకి ఎక్కడం, అంటే సుమారు 17 డిగ్రీలు. 45 డిగ్రీలైతే అది వంద శాతం వాలు. ఇక బ్రెమ్ ఊరి దగ్గరున్న కాల్మోంట్ తోటలో 60 డిగ్రీలు దాటిన చోట్లున్నాయి. యూరప్‌లోకెల్లా బాగా నిటారుగా ఉన్న ద్రాక్ష తోటల్లో అదొకటి. ఆ కొండకు అడ్డంగా ఇనుప నిచ్చెనలు, తాళ్లు బిగించిన కాలిబాట ఉంది. వాన లేని రోజు, మంచి బూట్లు వేసుకుని ఒక్కసారి నడవండి. తర్వాత ఇరవై యూరోల సీసా ఖరీదని అనరు.

అలాంటి చోట ట్రాక్టర్ ఎక్కదు. కత్తిరింపు, కట్టడం, ఆకు తీయడం, కోత అన్నీ చేత్తోనే. ఒక్కో తీగను ఒక్కో గుంజకు కట్టి, కొమ్మలను గుండ్రంగా వంచి ముడేసే పద్ధతి ఇక్కడ పాతది. తీగ చుట్టూ ఎటైనా నడవచ్చు కాబట్టి వాలు మీద అదే వీలు. కొన్నిచోట్ల ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండి ఉంటుంది. గంపలూ మనుషులూ దాంట్లోనే పైకి వెళ్తారు. జెల్ నుంచి కోబ్లెన్జ్ దాకా ఉన్న దిగువ మోజెల్‌లో అయితే వాలును రాతి గోడలతో మెట్లు మెట్లుగా నిలబెట్టారు. సిమెంటు లేకుండా పేర్చిన గోడలవి. వాన ఎక్కువైతే ఒక ముక్క కూలుతుంది, మళ్లీ పేర్చాలి. ఈ చాకిరీ చేయలేక వదిలేసిన తోటలు చాలా ఉన్నాయి. రైల్లో వెళ్తుంటే కిటికీలోంచి కనిపిస్తాయి, తోటల మధ్య ముళ్లపొదలు మొలిచిన ముక్కలు.

ముదురు తీగల గొప్ప ఏమిటంటే, వేళ్లు రాతి సందుల్లో లోతుకు దిగి ఉంటాయి. గుత్తులు తక్కువ, పళ్లు చిన్నవి, రసం చిక్కన. 2022 వేసవిలో ఎండలు మండిపోయి వానలు లేనప్పుడు లేత తీగలు విలవిల్లాడాయి, ముదురువి తట్టుకున్నాయి. ఇంకో విశేషం కూడా ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పురుగు యూరప్ తోటల వేళ్లను తినేసింది. దాంతో అంతటా అమెరికన్ వేరు మీద అంటు కట్టడం మొదలుపెట్టారు. పలకరాతి నేల ఆ పురుగుకు అంతగా పడదు. అందుకే మోజెల్‌లో అంటు కట్టని, సొంత వేళ్ల మీద నిలబడ్డ తీగలు ఇంకా ఉన్నాయి. వాటిలో వందేళ్లు దాటినవీ ఉన్నాయి.

లేబుల్ ఎలా చదవాలి

దీని మీద కాస్త మనసు పెట్టండి. జర్మన్ లేబుల్ చూసి భయపడి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదట వెతకాల్సిన మాట ట్రోకెన్. అంటే పొడి, తీపి లేనిది. చట్టం లెక్క ఇలా ఉంటుంది. లీటరుకు 4 గ్రాముల వరకు చక్కెర మిగిలి ఉంటే ట్రోకెన్. పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల వరకు కూడా ఒప్పుకుంటారు, కాకపోతే పులుపు కన్నా చక్కెర 2 గ్రాములకు మించి ఎక్కువ ఉండకూడదు. ఉదాహరణకు పులుపు 6.5 గ్రాములు ఉంటే చక్కెర 8.5 దాకా పోవచ్చు. రీస్లింగ్‌లో పులుపు సహజంగానే ఎక్కువ కాబట్టి ఆ ఏడెనిమిది గ్రాములు నాలుకకు తీపిగా తెలియవు, పులుపు అంచును కాస్త నున్నగా చేస్తాయంతే. "చక్కెర 7 గ్రాములు ఉందట, ఇదేం ట్రోకెన్" అని నెట్‌లో గొడవ పడేవాళ్లను పట్టించుకోకండి.

హాల్బ్‌ట్రోకెన్ అని ఉంటే కొంచెం తీపి. ఫైన్‌హెర్బ్ అన్నా అలాంటిదే, దానికి చట్టంలో కొలత లేదు, చేసేవాళ్ల ఇష్టం. మనకు కావాల్సింది ఇది కాదు, కానీ ఈ మాట మర్చిపోకండి. మన వంటల దగ్గరకు వచ్చినప్పుడు అవసరం పడుతుంది.

ట్రోకెన్ అన్న మాటే కనిపించకపోతే? కొందరు రాయరు, లేదా వెనక ఎక్కడో చీమ తలకాయంత అక్షరాలతో వేస్తారు. అప్పుడు ఆల్కహాల్ శాతం చూడండి. ద్రాక్షలోని చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి, 12 నుంచి 13 ఉంటే చక్కెర దాదాపు అంతా పులిసిపోయిందని అర్థం. 7.5 నుంచి 9 మధ్య ఉంటే చాలా చక్కెర సీసాలోనే మిగిలిపోయింది, అది తీపి వైన్. 10, 11 ఉన్నవి అటూ ఇటూ. జర్మన్ ఒక్క ముక్క రాకపోయినా ఈ ఒక్క అంకెతో సగం పని అయిపోతుంది.

తర్వాత ఊరి పేరు, తోట పేరు. ఊరి పేరు చివర "ఎర్" అని చేరుతుంది. వేలెన్ ఊరిదైతే వేలెనర్, దాని పక్కన తోట పేరు జొన్నెనూర్. ఊర్త్సిగర్ వ్యుర్ట్స్‌గార్టెన్, బ్రాఉనెబెర్గర్ యుఫర్, విన్నింగర్ ఊలెన్, ప్యూండెరిషర్ మారియెన్‌బుర్గ్. ఇవన్నీ నిజంగా ఏటవాలు తోటలే. జార్ నది మీద విల్టింగెన్ దగ్గరున్న షార్ట్స్‌హోఫ్‌బెర్గర్‌కు మాత్రం ఊరి పేరు పెట్టరు, తోట పేరొక్కటే రాస్తారు.

ఇక్కడో ఉచ్చు ఉంది. 1971 వైన్ చట్టం చాలా తోటలను, చదును నేలతో సహా, ఒకే పెద్ద పేరు కింద చేర్చేసింది. అందుకని పీస్‌పోర్టర్ గోల్డ్‌ట్రోప్‌ఖెన్ అంటే నది మీదకు వాలిన అసలు కొండ, పీస్‌పోర్టర్ మిషెల్స్‌బెర్గ్ అంటే ఎక్కడెక్కడి ద్రాక్షో కలిసిన పెద్ద గంప. లేబుల్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. జెల్లర్ ష్వార్త్సె కాట్స్ అని నల్లపిల్లి బొమ్మతో వచ్చేవీ ఈ పెద్ద పేర్ల బాపతే. పీస్‌పోర్ట్ పేరు చూసి తక్కువ ధరకు దొరికిందని సంబరపడితే అది దాదాపుగా మిషెల్స్‌బెర్గ్ అయి ఉంటుంది.

ముదురు తీగలకు రాసే మాట ఆల్టె రేబెన్. ఇది వినడానికి బాగుంటుంది గానీ దీనికి జర్మన్ చట్టంలో వయసు హద్దు లేదు. అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ 2024లో 35 ఏళ్లు దాటితే ముదురు తీగ అనాలని ఒక నిర్వచనం చెప్పింది, కానీ అది ఎవరినీ కట్టిపడేసే నియమం కాదు. మంచి తయారీదారులు తమ వెబ్‌సైట్లో ఏ తోట, ఎన్నేళ్ల తీగలు అని రాస్తారు. అలా రాయకుండా మాట ఒక్కటే పెద్ద బంగారు అక్షరాల్లో వేసినదాన్ని నేను నమ్మను. ఏటవాలుకు రాసే ష్టైల్‌లాగె అన్న మాట దానికన్నా నమ్మకమైంది, దాని వెనక కొలత ఉంది కాబట్టి.

ఎవరు సీసాలో పోశారన్నది కూడా చూడండి. గూట్స్‌ఆబ్‌ఫ్యులుంగ్ అని ఉంటే సొంత తోటలో పండించి, సొంత వైన్ గదిలో చేసి, తామే సీసాల్లో నింపినవాళ్లు. అది లేకుండా ఏదో పెద్ద కంపెనీ పేరు మాత్రమే ఉంటే ద్రాక్ష ఎక్కడిదో తెలియదు.

మెడ దగ్గర మూత మీద ద్రాక్షగుత్తి పట్టుకున్న గద్ద బొమ్మ ఉంటే వాళ్లు వీడీపీ సభ్యులు. 1910లో పుట్టిన సంఘం అది, దేశంలోని మంచి తోటల యజమానులు చాలామంది అందులో ఉన్నారు. వాళ్ల లెక్కలో అన్నిటికన్నా కింద గూట్స్‌వైన్, దాని మీద ఊరి వైన్, ఆపైన మొదటి తరగతి తోటలు, అన్నిటికన్నా పైన గొప్ప తోటలు. గొప్ప తోట నుంచి వచ్చిన ట్రోకెన్‌ను గ్రోసెస్ గెవెక్స్ అంటారు. సీసా మీద రెండు జీ అక్షరాలుంటాయి, జీజీ అని పిలుస్తారు. తెల్ల జీజీలను కోత అయిన మరుసటి ఏడాది సెప్టెంబర్ 1 నుంచే బయట అమ్ముతారు. వాటి మీద కాబినెట్, ష్పేట్లేజె లాంటి పాత తరగతి పేర్లు ఉండవు, క్వాలిటేట్స్‌వైన్ అని మామూలు మాట ఉంటుంది. అది చూసి తక్కువ రకం అనుకోకండి. అలాగని గద్ద లేనివన్నీ నాసిరకమూ కాదు. సంఘంలో లేని చిన్న కుటుంబాలు కొన్ని చేసే వైన్ నాకు చాలా జీజీల కన్నా నచ్చుతుంది.

మార్కుస్ మోలిటోర్ లాంటి తయారీదారులైతే మూత రంగుతోనే చెప్పేస్తారు. తెల్ల మూత ట్రోకెన్, ఆకుపచ్చది కొంచెం తీపి, బంగారు రంగుది తీపి. అందరూ ఇలా చేస్తే నేను ఇంత రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఎంత పెట్టాలి

నా సలహా ఒకటే. జీజీకి ఒక మెట్టు కింద ఆగండి. జీజీ సీసా ముప్ఫై యూరోలకు పైనే, పేరున్నవాళ్లదైతే యాభై దాటుతుంది. అది కొన్న నాలుగైదేళ్లకు గానీ నోరు విప్పదు. కొత్తగా తాగేవాళ్లు దాన్ని వెంటనే తెరిచి, "ఇంత పెట్టి కొంటే ఇదేనా" అని నిరాశపడతారు. గూట్స్‌వైన్ పది, పన్నెండు యూరోలకు దొరుకుతుంది, రోజువారీకి బాగుంటుంది గానీ ఏ కొండదో దాంట్లో తెలియదు. ఈ రెండిటి మధ్య, పదిహేను నుంచి పాతిక యూరోల్లో ఆల్టె రేబెన్ అనో, రాతి పేరుతోనో వచ్చే సీసాలుంటాయి. జీజీ తోటల్లోనే, అందులోకి తీసుకోని వరసల నుంచి కోసిన ద్రాక్ష చాలాసార్లు ఇందులోకే వెళ్తుంది. ఏడాది రెండేళ్లలోనే తాగడానికి బాగుంటుంది. విల్టింగెన్‌లోని ఫాన్ ఫోల్క్‌సెమ్ వాళ్లు ఆల్టె రేబెన్ పేరుతోనే ఒకటి చేస్తారు. విన్నింగెన్‌లో హైమన్ లోవెన్‌స్టైన్, క్నేబెల్, ప్యూండెరిష్‌లో క్లెమెన్స్ బుష్, ఐల్‌లో పీటర్ లావర్, వీళ్లలో ఎవరి సీసాతో మొదలుపెట్టినా తప్పు పోదు.

ఏ సంవత్సరం అంటే, 2018 ఎండ సంవత్సరం, పులుపు మెత్తన, కొత్తవాళ్లకు తేలిక. 2021 చల్లగా, వానగా గడిచింది, పులుపు పదును ఎక్కువ, చింతకాయ పచ్చడి ఇష్టపడే నాలుకలకు అదే నచ్చుతుంది. నాకు అదే ఇష్టం. 2024 ఏప్రిల్‌లో మంచు పడి జార్, రూవర్ వైపు చిగుళ్లు మాడిపోయాయి, పంట బాగా తగ్గింది. ఆ ఏడాది జార్ సీసా కనిపిస్తే బేరం ఆడకుండా తీసుకోండి.

తోటకు వెళ్లి కొనడం

వీలైతే షాపులో కాకుండా తయారుచేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి. కోబ్లెన్జ్ నుంచి ట్రియర్ వెళ్లే రైలు నది పక్కనే చాలా దూరం పోతుంది. బుల్లాయ్‌లో మారితే ట్రాబెన్ ట్రార్బాఖ్ దాకా చిన్న రైలుంది. కారులో వెళ్తే నడిపేవాళ్లు తాగకూడదు, ఇక్కడ హద్దు 0.5 ప్రొమిల్, అంటే రక్తంలో ఆల్కహాల్ వెయ్యికి అర వంతు. నాలుగు రకాలు రుచి చూస్తే ఆ హద్దు ఎప్పుడు దాటారో మీకే తెలియదు.

చిన్న కుటుంబాలు నడిపేవి ఎక్కువ కాబట్టి ముందురోజే ఫోన్ చేసో మెయిల్ పెట్టో వెళ్లాలి. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కోత ఉంటుంది, అప్పుడు వెళ్లి వాళ్లను ఇబ్బంది పెట్టకండి. పదిమంది గుంపుగా వెళ్లి, ఆరేడు రకాలు తాగేసి, ఒక్క సీసా కూడా కొనకుండా సెల్ఫీ దిగి వచ్చేయడం మనవాళ్లలో నేను చూశాను. అలా చేయకండి. కొందరు రుచికి డబ్బు తీసుకుంటారు, కొంటే అందులోంచి తగ్గిస్తారు. తీసుకోకపోతే మనిషికి రెండు సీసాలైనా కొనడం మర్యాద.

గ్లాసులో పోసిందంతా మింగాల్సిన పని లేదు. బల్ల మీద కుండ ఒకటి ఉంటుంది, నోట్లో తిప్పి అందులో ఉమ్మేయొచ్చు. మన ఇళ్లలో తప్పనిపిస్తుంది గానీ ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు, పైగా పని తెలిసినవాళ్లనుకుంటారు. ఎప్పుడూ ట్రోకెన్‌లతో మొదలుపెట్టి తీపివాటితో ముగించండి. తీపి తాగాక ట్రోకెన్ తాగితే అది నిమ్మకాయ నీళ్లనిపిస్తుంది. ధరల కాగితం మీద ఒక్కో వైన్‌కు మిగిలిన చక్కెర, పులుపు గ్రాముల్లో చాలామంది రాస్తారు. రాయకపోతే అడగండి, సంతోషంగా చెప్తారు.

ఇంకో మంచి దారి ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్. తోట యజమాని ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే, నలభై కుర్చీల లోపు, తన సొంత వైన్ అమ్ముతూ నడిపే చిన్న భోజనశాల అది. గుమ్మం ముందు చీపురో, ఆకుల గుత్తో వేలాడుతుంటే తెరిచి ఉందని గుర్తు. అక్కడ గ్లాసు లెక్కన తాగి, నచ్చింది ఇంటికి సీసా కొనుక్కోవచ్చు. శాకాహారులకు చీజు, రొట్టె, బంగాళాదుంప వంటకాలు దొరుకుతాయి, కానీ చాలావాటిలో పంది మాంసం ముక్కలు వేస్తారు. అడిగి తీసుకోండి.

తెరవడం, పోయడం

ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే తాగేస్తే ఈ వైన్‌కు అన్యాయం. మరీ చల్లగా ఉంటే పులుపు ఒక్కటే తగులుతుంది, వాసన పైకి రాదు. 10 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. థర్మామీటర్ అక్కర్లేదు, భోజనానికి ఇరవై నిమిషాల ముందు సీసాను బయట పెట్టండి. వేసవిలో పది నిమిషాలు చాలు. గ్లాసు పైకి సన్నగా ముడుచుకున్నదైతే మంచిది, మూడో వంతుకు మించి పోయకండి.

చాలా సీసాలకు ఇప్పుడు తిప్పే మూతే ఉంటుంది. కార్క్ లేదని చిన్నచూపు వద్దు. తెరవగానే కాల్చిన అగ్గిపుల్ల వాసనో, ఉడికిన గుడ్డు వాసనో వస్తే కంగారు పడకండి. బయటి ఈస్ట్ కలపకుండా, తోటలోనూ వైన్ గదిలోనూ ఉన్న ఈస్ట్‌తో దానంతట అదే పులియనిచ్చిన వైన్ లేతగా ఉన్నప్పుడు ఇలా ఉంటుంది. వెయ్యి లీటర్లు పట్టే ఫూడర్ అనే ఓక్ పీపాల్లో ఈ పద్ధతిని ఇంకా పాటించేవాళ్లున్నారు. గాజు జగ్గులోకి వంపి అరగంట వదిలేస్తే ఆ వాసన పోయి, నిమ్మతొక్క, పచ్చి ఆపిల్, వాన పడ్డ రాయి వాసనలు బయటికొస్తాయి.

అడుగున మెరిసే చిన్న పలుకులు కనిపిస్తే గాజు ముక్కలు కావు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ఉంటుంది, చల్లబడినప్పుడు అది ఉప్పుగా పేరుకుంటుంది. తిన్నా ఏమీ కాదు. పాత సీసాల్లో అయితే కిరోసిన్ వాసన లీలగా తగులుతుంది. రీస్లింగ్ వయసు పెరిగితే వచ్చే గుణమే అది. కొందరు దానికోసమే వెతుక్కుని కొంటారు. మా అత్తగారు ఒకసారి వాసన చూసి "రేషన్ షాపు క్యూ గుర్తొస్తోంది" అన్నారు. నాకు మాత్రం ఇష్టమే.

సీసా మొత్తం ఆ పూటే ఖాళీ చేయాల్సిన పని లేదు. సగం తాగి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. ముదురు తీగల ట్రోకెన్ రెండో రోజు ఇంకా బాగుంటుంది, నాలుగు రోజులు నిలుస్తుంది. ఇద్దరే ఉండే ఇంట్లో, అందులోనూ ఒకరు తాగని ఇంట్లో, ఇది చిన్న సుగుణం కాదు.

మన వంటతో

ఇక్కడివాళ్లు దీన్ని నదీ చేపలతో, వెన్నలో వేయించిన ట్రౌట్‌తో, వసంతంలో తెల్ల ఆస్పరాగస్‌తో తాగుతారు. ఆస్పరాగస్ జూన్ 24తో ఆగిపోతుంది, ఆలోపు ఒక్కసారైనా ఆ జోడీ ప్రయత్నించండి.

మన వంట దగ్గరకొస్తే, "రీస్లింగ్ కారానికి బాగుంటుంది" అని అందరూ చెప్పే మాటలో సగమే నిజం. అది కొంచెం తీపి ఉన్న రీస్లింగ్ గురించి. ట్రోకెన్‌లో ఆల్కహాల్ ఎక్కువ, తీపి లేదు. గుంటూరు కారం వేసిన కూరతో తాగితే మంట రెండింతలవుతుంది, వైన్ రుచి తెలియదు. హైదరాబాద్ బిర్యానీ, కోడి వేపుడు లాంటివి ఉన్న రోజున ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఫైన్‌హెర్బ్ తీయండి. గోంగూర మాంసంతో ఏదీ వద్దు, పులుపూ పులుపూ కొట్టుకుంటాయి. ఆవకాయ ముందు నిలబడగల వైన్‌ను ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ట్రోకెన్‌కు సరిపోయేవి కారం తగ్గి, కొవ్వూ ఉప్పూ ఉన్నవి. ఇక్కడ ట్సాండర్ అనే చేప దొరుకుతుంది, ముల్లు తక్కువ, తెల్లటి కండ. పసుపు, ఉప్పు, మిరియాలు, కొంచెం వరిపిండి పట్టించి పెనం మీద నూనెలో వేయిస్తే దానికి మించిన జోడీ లేదు. మిరియాల కోడి, వెల్లుల్లి వేసిన రొయ్యల వేపుడు, జీడిపప్పు వేసిన ఉప్మా పెసరట్టు కూడా బాగుంటాయి. నన్ను ఆశ్చర్యపరిచింది ముద్దపప్పు. వేడి అన్నం, ముద్దపప్పు, బాగా నెయ్యి, పక్కన అప్పడం. నెయ్యి జిడ్డును ఈ పులుపు ఎంత శుభ్రంగా కోస్తుందంటే, ఇంకో ముద్ద కలుపుకోవాలనిపిస్తుంది. నా జర్మన్ స్నేహితురాలికి వడ్డిస్తే పప్పు రెసిపీ అడిగి రాసుకెళ్లింది.

దాచడం, ఇండియాకు తీసుకెళ్లడం

అపార్ట్‌మెంట్‌లో కెల్లర్, అంటే నేల కింది గది ఉంటే అక్కడే పెట్టండి. లేకపోతే ఎండ తగలని, హీటర్‌కు దూరంగా ఉన్న అలమారా అడుగు చాలు. వంటగదిలో పొయ్యి మీది అర మాత్రం వద్దు. ఆల్టె రేబెన్ రకాలు ఐదారేళ్లు హాయిగా ఉంటాయి, మంచి జీజీ పదేళ్లు దాటినా చెక్కు చెదరదు. ఒకే వైన్ మూడు సీసాలు కొని, ఒకటి ఇప్పుడు, ఒకటి రెండేళ్లకు, ఒకటి ఐదేళ్లకు తెరిస్తే ఎంత మారుతుందో తెలుస్తుంది.

ఇంటికి తీసుకెళ్లాలంటే, పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 2 లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా ఇండియాలోకి అనుమతిస్తారు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు తీసుకెళ్లొచ్చు. చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపేయొచ్చు, చెక్ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి. తిప్పే మూత ఉన్నవి ఎంచుకోండి. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, దుప్పటి మధ్యలో చుట్టి, సూట్‌కేసు నడిమధ్య పెట్టండి. మీ రాష్ట్రంలో ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చన్న ఎక్సైజ్ నిబంధనలు వేరుగా ఉంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. వెళ్లాక నేరుగా ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజులు కదపకుండా వదిలేసి, తర్వాత తెరవండి. మన ఎండలో గ్లాసులోకి కొంచెం కొంచెమే పోసుకోవాలి, సీసా మళ్లీ ఫ్రిజ్‌లోకే వెళ్లాలి. మే నెల ప్రయాణమైతే మాత్రం మంచి సీసాలు ఇక్కడే ఉంచేసి, అక్కడివాళ్లకు చాక్లెట్లు పట్టుకెళ్లండి. అవీ కరుగుతాయి, కానీ పోయేది నాలుగు యూరోలే.